విప్పి బిగించే ద్రవ సెల్: ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షలో పద్నాలుగు నెలల వాడకం

విశాఖపట్నంలో నేను పనిచేసే నూనె పరీక్షల ప్రయోగశాలకు వచ్చే సీసాల్లో ఎక్కువ భాగం ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి తీసిన నూనెవే. ఆ నూనె గాలి సోకి పాడవకుండా తయారీలోనే కలిపే డీబీపీసీ అనే ఆక్సీకరణ నిరోధకం ఇంకా ఎంత మిగిలి ఉందో పరారుణ కాంతిని నూనె ఎంత పీల్చుకుంటుందో చూసే ఎఫ్‌టీఐఆర్ స్పెక్ట్రోమీటర్ మీద కొలిచి చెప్పడం మా రోజువారీ పనుల్లో ఒకటి. కొలవవలసిన నూనెను పరారుణ కాంతి దారిలో పలుచని పొరగా నిలబెట్టే చిన్న పాత్రను ద్రవ సెల్ అంటాము. ఏళ్ల తరబడి వాడిన మూసివేసిన సెల్ కారడం మొదలుపెట్టాక, పద్నాలుగు నెలల కిందట విప్పి బిగించుకునే రకం సెల్‌ను కొన్నాము. ఈ సమీక్ష దాని గురించే. ఇదే నిర్మాణాన్ని దాదాపు ఇవే కొలతలతో అనేకమంది తయారీదారులు అమ్ముతున్నారు కాబట్టి మాకు అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచిచెడులు ఈ నిర్మాణానికీ, ఇందులో వాడే విండోల (కాంతిని లోపలికి వదిలే పారదర్శక బిళ్లల) పదార్థానికీ చెందినవి.

పెట్టెలో రెండు స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు, రెండు రబ్బరు గాస్కెట్లు, రెండు జతల విండోలు, వేరువేరు మందాల్లో టెఫ్లాన్ స్పేసర్లు, నాలుగు చేతి నట్లు, రెండు టెఫ్లాన్ బిరడాలు వచ్చాయి. ప్రతి జతలోనూ ఒక విండోకు రెండు రంధ్రాలు ఉంటాయి, రెండోది సాదాగా ఉంటుంది. రెండింటి మధ్య స్పేసర్‌ను పెట్టి, గాస్కెట్ల మధ్య ఆనించి, పలకలను నట్లతో బిగిస్తే స్పేసర్ మందమంత ఖాళీ ఏర్పడుతుంది. పై పలక మీద ఉన్న రెండు మూతుల్లో సూది లేని గాజు సిరంజి సరిగ్గా కూర్చుంటుంది. స్టీలు పని శుభ్రంగా ఉంది, మరలు సాఫీగా తిరుగుతాయి, ఇన్ని నెలల్లో ఎక్కడా తుప్పు మరక రాలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది చిన్న విషయం కాదు.

ఈ పనికి ఏటీఆర్ సరిపోదా అని మా దగ్గర చేరే కొత్తవారందరూ అడుగుతారు. స్ఫటికం మీద చుక్క వేసి తుడిచేసే ఆ పద్ధతి ఎంత సులువో నాకూ తెలుసు. అయితే అందులో కాంతి నూనెలోకి చొచ్చుకుపోయే లోతు ఒకటి రెండు మైక్రోమీటర్లకు మించదు. నిరోధకం కలిపిన కొత్త నూనెలో ఐఈసీ 60296 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డీబీపీసీ 0.08 నుంచి 0.40 శాతం వరకే ఉంటుంది. అంత స్వల్ప పరిమాణాన్ని నమ్మకంగా చూడాలంటే కాంతి అర మిల్లీమీటరు నూనెగుండానైనా ప్రయాణించాలి. అందుకే ఈ పరీక్షకు సెల్ తప్పనిసరి.

సెల్ విలువను నిర్ణయించేది ఆ అర మిల్లీమీటరే. శోషణ, అంటే నూనె పీల్చుకునే కాంతి కొలత, పదార్థపు గాఢతకూ, కాంతి ప్రయాణించిన దూరానికీ అనులోమంగా ఉంటుంది కాబట్టి, పాత్‌లెంగ్త్ అని మేము పిలిచే ఆ దూరంలో నాలుగు శాతం తప్పు ఉంటే ఫలితంలోనూ నాలుగు శాతం తప్పు దొర్లుతుంది. సెల్‌తో వచ్చిన స్పేసర్ కవరు మీద 0.5 మి.మీ. అని ముద్రించి ఉంది. బిగించిన సెల్‌లో అసలు ఖాళీ ఎంత ఉందో మేమే కొలుచుకున్నాము. ఖాళీ సెల్‌ను కాంతి దారిలో పెడితే రెండు విండోల లోపలి ముఖాల మధ్య అటూ ఇటూ పరావర్తనం చెందిన కాంతి వల్ల స్పెక్ట్రంలో అలల్లాంటి వ్యతికరణ పట్టీలు కనిపిస్తాయి. 2900 తరంగ సంఖ్య (ఒక సెంటీమీటరు పొడవులో ఇమిడే కాంతి తరంగాల లెక్క) నుంచి కిందికి లెక్కపెడితే 50వ పట్టీ 2426 దగ్గర ముగిసింది. పట్టీల సంఖ్యను తరంగ సంఖ్యల తేడాకు రెట్టింపుతో భాగించాలి. 50ని 948తో భాగిస్తే 0.0527 సెంటీమీటరు, అంటే 0.527 మి.మీ. వచ్చింది. ఆ భాగాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది: 2350 దగ్గర గాలిలోని కార్బన్ డయాక్సైడ్, 3700 పరిసరాల్లో నీటి ఆవిరి పట్టీలను చెరుపుతాయి. ఈ మందానికి పట్టీల మధ్య దూరం పది తరంగ సంఖ్యల లోపే ఉంటుంది కాబట్టి రోజూ వాడే 4 తరంగ సంఖ్యల రిజల్యూషన్‌ను, అంటే పరికరం విడదీసి చూడగల కనీస తేడాను, 2కు తగ్గించి కొలవాలి. లేకపోతే పట్టీలు నలిగినట్టు కనిపించి లెక్క తప్పుతుంది.

అదే సెల్‌ను విప్పి, తుడిచి, అదే స్పేసర్‌తో తిరిగి బిగించినప్పుడు ఒకసారి 0.541, మరోసారి 0.519 మి.మీ. వచ్చింది. నట్లను ఎవరు బిగించారు, ఎంత బలంగా బిగించారు, ఏ వరుసలో బిగించారు అన్న వాటిని బట్టి టెఫ్లాన్ పొర అణగడం మారుతుంది. పైగా టెఫ్లాన్ ఒత్తిడి కింద మెల్లగా పరుచుకుపోయే గుణం ఉన్న పదార్థం కాబట్టి, బిగించి వదిలేసిన సెల్‌లో కూడా మొదటి రోజుల్లో మందం కొంచెం తగ్గుతుంది. ఈ సెల్ గురించి నేను చెప్పదలచుకున్న మాటల్లో ముఖ్యమైనది ఇదే: విప్పే వీలుంది కదా అని దీన్ని మాటిమాటికీ విప్పకూడదు. మేము ఎదురెదురు మూలల నట్లను వంతులవారీగా, వేళ్ల బలంతోనే బిగించి, ఒక రాత్రి అలాగే ఉంచి, మర్నాడు పట్టీలు లెక్కపెట్టి, ఆ సంఖ్యను తేదీతో సహా పుస్తకంలో రాసి, దాని మీదే ప్రామాణిక ద్రావణాలతో కాలిబ్రేషన్ చేస్తాము. ఆ తరువాత విండో చెడితేనో, కారితేనో తప్ప సెల్‌ను విప్పము. ప్రతి సోమవారం ఖాళీ సెల్ పట్టీలను మళ్లీ లెక్కపెడతాము. పాత్‌లెంగ్త్ మారలేదని తేలాకే ఆ వారం నమూనాలు మొదలవుతాయి.

ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. వాడకంలో ఉన్న నూనెలో నిరోధకం మొదటి విలువలో 40 శాతం కన్నా తగ్గితే ఐఈసీ 60422 దాన్ని బాగాలేని స్థితిగా పరిగణిస్తుంది. మొదట 0.30 శాతం ఉన్న నూనెకు ఆ గీత 0.12 దగ్గర పడుతుంది. అసలు 0.122 ఉన్న నూనెను, పాత్‌లెంగ్త్‌ను నాలుగు శాతం తప్పుగా నమ్మి 0.117 అని రాసి ఇస్తే, మా కాగితాన్ని చూసి ఒక సబ్‌స్టేషన్ ఇంజినీరు నిరోధకం తిరిగి కలిపే పనికి ట్రాన్స్‌ఫార్మర్‌ను లైను నుంచి తప్పించే ఏర్పాటు చేయవచ్చు. తప్పు రెండోవైపు జరిగితే, చేయవలసిన పని ఏడాదిపాటు వాయిదా పడవచ్చు.

ఇక విండోల సంగతి. మాకు పొటాషియం బ్రోమైడ్ జత ఒకటి, జింక్ సెలెనైడ్ జత ఒకటి వచ్చాయి. పొటాషియం బ్రోమైడ్‌ను ప్రయోగశాలల్లో కేబీఆర్ అనే అంటారు. చవకైనది, 400 తరంగ సంఖ్య దాకా కాంతిని వదులుతుంది, కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం 1.53 దగ్గర ఉండడం వల్ల 1.47 ఉండే ఖనిజ నూనెతో చక్కగా కలిసిపోతుంది. అయితే అది ఉప్పు లాంటిదే, నీటికి కరిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో తేమ మిలియన్ భాగాల్లో కొన్ని భాగాలే ఉంటుంది కాబట్టి నమూనా వల్ల వచ్చే ప్రమాదం తక్కువ. మా విండోలను చెడగొట్టినది గది గాలి. వానాకాలంలో ఒక మధ్యాహ్నం సెల్‌ను ద్రావకంతో కడిగి, త్వరగా ఆరాలని గాలిని గట్టిగా పంపాము. ద్రావకం వేగంగా ఆవిరైతే ఆ ముఖం చల్లబడుతుంది, చల్లబడిన ముఖం మీద విశాఖ గాలిలోని తేమ మంచులా పడుతుంది. విండో లోపలి ముఖం పాలు ఒలికినట్టు తెల్లబారింది. ఆ సోమవారం ఖాళీ సెల్‌లో పట్టీలు దాదాపు కనిపించలేదు. పట్టీలు మసకబారితే విండో ముఖం చెడిందని అర్థం చేసుకోవాలన్న పాఠం మాకు అప్పుడే దొరికింది. అప్పటినుంచి ఆరబెట్టడానికి సిలిండర్‌లోని పొడి నైట్రోజన్‌నే, అది కూడా బుగ్గకు తగిలీ తగలనట్టుగా, వాడుతున్నాము. కంప్రెసర్ గాలిలో తేమతోపాటు కంప్రెసర్ నూనె కూడా ఉంటుంది. దాన్ని సెల్ దగ్గరికి రానివ్వకూడదు.

జింక్ సెలెనైడ్ నీటికి కరగదు. పసుపు రంగులో పారదర్శకంగా ఉంటుంది కాబట్టి బుడగ ఉందో లేదో కంటితో చూడవచ్చు. తేమ ఉన్న ఊళ్లకు ఇదే మంచిదని అమ్మకందారు చెప్పిన మాటలో అంతవరకు నిజం ఉంది. అయితే దాని వక్రీభవన గుణకం 2.4. గాలికి ఎదురుగా ఉన్న ఒక్కో ముఖం దగ్గర పదిహేడు శాతం కాంతి వెనక్కి పోతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది లోపల ఉంది. నూనెకూ విండోకూ మధ్య తేడా ఎక్కువ కావడంతో, సెల్‌ను నూనెతో నింపాక కూడా వ్యతికరణ పట్టీలు పోవు. మా మందానికి అవి ఆరున్నర తరంగ సంఖ్యలకొకటిగా పడతాయి. డీబీపీసీ పీక్, అంటే దాని శోషణ వల్ల స్పెక్ట్రంలో లేచే శిఖరం, 3650 దగ్గర సన్నగా నిలబడుతుంది. ఆ పీక్ కింద ఇలాంటి అలలు కదులుతుంటే పీక్ ఎత్తును కొలవడానికి ఆధారమైన బేస్‌లైన్ ఎక్కడ గీయాలో ఇద్దరు విశ్లేషకులు ఒప్పుకోరు. ఒకే నూనెను ఒకే రోజు అయిదుసార్లు నింపి కొలిచినప్పుడు కేబీఆర్ విండోలతో వచ్చిన నిలకడ జింక్ సెలెనైడ్‌తో మాకు రాలేదు. ఖరీదు మాత్రం కేబీఆర్‌కు అనేక రెట్లు.

ఆరో నెలలో కాల్షియం ఫ్లోరైడ్ విండోలను విడిగా తెప్పించుకున్నాము. ఈ సమీక్ష చదివి సెల్ కొనేవారు మొదటే అడగవలసినవి అవే అని నా అభిప్రాయం. అవి నీటికి కరగవు, గట్టివి, గుణకం 1.41 దగ్గర ఉండడం వల్ల నూనె నిండగానే పట్టీలు మాయమవుతాయి. వాటి పరిమితి ఒక్కటే: 1100 తరంగ సంఖ్యకు దిగువన కాంతిని వదలవు. నిరోధకానికి 3650, ఆక్సీకరణ ఉత్పత్తులకు 1710 చూసే మాకు ఆ దిగువ భాగంతో పని లేదు. ఇంజిన్ ఆయిల్స్‌ను పరీక్షించేవారి సంగతి వేరు. అరుగుదలను ఆపే జింక్ సమ్మేళనాల పీక్‌లు 1000 పరిసరాల్లో ఉంటాయి కాబట్టి వారికి జింక్ సెలెనైడే సరైనది, 0.1 మి.మీ. స్పేసర్‌తో పట్టీల బాధను భరించక తప్పదు. కాల్షియం ఫ్లోరైడ్‌కు ఉన్నట్టుండి వేడి చల్లదనాలు తగిలితే పగుళ్లు వస్తాయి. వేడినీళ్లతో కడగకూడదని, ఓవెన్ నుంచి తీసిన వెంటనే చల్లని ద్రావకం పోయకూడదని మా గోడ మీద రాసి పెట్టాము.

నింపడంలో ఈ సెల్ నిర్మాణం బాగా సహకరిస్తుంది, కానీ దానితో వచ్చిన ఒక్క పేజీ సూచనల కాగితం ఏమీ చెప్పదు. సెల్‌ను నిలువుగా పట్టుకుని, కింది మూతిలో నూనె ఉన్న సిరంజిని, పై మూతిలో ఖాళీ సిరంజిని పెట్టాలి. కింది నుంచి నెట్టడం కన్నా పై నుంచి మెల్లగా లాగడం మేలు. గది ఉష్ణోగ్రత దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ నూనె ద్రావకాలంత పలుచన కాదు. సన్నని సిరంజితో గట్టిగా నెడితే లోపల పుట్టే ఒత్తిడి విండోలను దూరం జరుపుతుంది, గాస్కెట్ అంచు నుంచి నూనె చెమరుస్తుంది, పాత్‌లెంగ్త్ మారిపోతుంది. నూనె పైకి పాకుతూ గాలిని ముందుకు తోసేస్తుంది కాబట్టి బుడగలు పై మూతి నుంచి వెళ్లిపోతాయి. పై సిరంజిలో అర మిల్లీలీటరు నూనె చేరాక వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, పై మూతికి బిరడా పెట్టి, కింది దాన్ని చివరగా, వదులుగా నొక్కుతాము. రెండు బిరడాలనూ బలంగా నొక్కితే లోపలి ద్రవానికి దారి లేక ఏదో ఒక వైపు చిమ్ముతుంది. ఒకసారి మా సహోద్యోగి కళ్లద్దాల మీద పడింది. ఆ అద్దాలు లేకుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

నమూనాకూ నమూనాకూ మధ్య మేము మూడుసార్లు హెప్టేన్‌తో, ఆపైన ఒకసారి తరువాతి నమూనాతోనే కడుగుతాము. ఆ కడుగు నూనె వ్యర్థాల సీసాలోకి పోతుంది. నిరోధకం ఎక్కువగా ఉన్న నూనె తరువాత, నిరోధకం లేని నూనెను నింపి 3650 దగ్గర ఏమీ కనిపించడం లేదని వారానికోసారి చూసుకుంటాము. ఈ సెల్‌లో మూలలు, మడతలు తక్కువ కాబట్టి మూడు కడుగులకే శుభ్రపడుతుంది. పాత మూసివేసిన సెల్‌కు అయిదారు పట్టేవి. ఇది ఈ సెల్‌కు ఉన్న నిజమైన గొప్ప.

సెల్ మంచిదే అయినా ఫలితం కదిలిపోయే సందర్భం ఒకటుంది. నీటి ఆవిరి గీతలు సరిగ్గా 3650 చుట్టూనే ఉంటాయి. సెల్ పెట్టడానికి స్పెక్ట్రోమీటర్ మూత తెరిచిన ప్రతిసారీ గది తేమ లోపలికి వెళ్తుంది. మూత మూసిన వెంటనే స్కాన్ మొదలుపెడితే ఆ గీతలు డీబీపీసీ పీక్ మీద ముళ్లలా మొలుస్తాయి. నమూనా లేకుండా తీసే బ్యాక్‌గ్రౌండ్ స్కాన్‌కూ నమూనాకూ ఒకే సమయం, మా దగ్గర అయిదు నిమిషాలు, వేచి ఉండాలన్న నియమం పెట్టుకున్నాక ఆ సమస్య తగ్గింది. సెల్ పలక స్పెక్ట్రోమీటర్ హోల్డర్‌లో రెండు వైపులా కూర్చుంటుంది. ఏ వైపు పెట్టామన్నది కూడా ఫలితాన్ని కొద్దిగా మారుస్తుంది కాబట్టి పలక మీద బాణం గుర్తు చెక్కించాము. తయారీదారే ఆ గుర్తు వేసి ఇవ్వవలసింది.

భద్రత గురించి విడిగా చెప్పవలసినవి ఉన్నాయి. పాత పద్ధతిలో అందరూ హెక్సేన్‌తో కడిగేవారు. హెక్సేన్ శరీరంలో మారి నరాలను దెబ్బతీసే పదార్థంగా తయారవుతుంది. శుభ్రం చేయడంలో హెప్టేన్ దానికి ఏమాత్రం తీసిపోదు, ఆ రకం హాని లేదు, కాబట్టి మేము పూర్తిగా దానికి మారిపోయాము. రెండూ త్వరగా అంటుకునేవే. స్పెక్ట్రోమీటర్‌లో పరారుణ కాంతినిచ్చే మూలం ఎర్రగా కాలుతూ ఉంటుంది. ద్రావకంతో తడిసిన సెల్‌నో, కారుతున్న సెల్‌నో లోపల పెట్టకూడదు. చాలా పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీలు అనే విషపూరిత క్లోరిన్ రసాయనాలు ఉండే అవకాశం ఉంది. మన దేశంలో 2016 నాటి ఉత్తర్వు వాటి తయారీని, దిగుమతిని నిషేధించి, వాడకానికి 2025 డిసెంబరు 31ని చివరి గడువుగా పెట్టింది. పీసీబీలు ఉన్నాయో లేవో తేలని పాత నూనెను నైట్రైల్ గ్లవ్స్‌తో, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందే నింపుతాము, దాని కడుగులను వేరే సీసాలో దాస్తాము. జింక్ సెలెనైడ్ విండోలున్న సెల్‌లో ఎవరైనా గాఢ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ సెలెనైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. పెట్టె మీద ఆ హెచ్చరిక లేదు. దీన్ని నేను పెద్ద లోపంగా పరిగణిస్తున్నాను. అమ్మకందారు జాబితాలో కేఆర్‌ఎస్-5 విండోలు కూడా ఉన్నాయి. అవి థాలియం లవణాలతో చేసినవి, విషపూరితమైనవి. నూనె పరీక్షకు వాటి అవసరం లేదు కాబట్టి ఆ ప్రతిపాదనను నిరాకరించాము.

మిగిలిన లోపాలు తేలికగా సరిదిద్దుకోదగినవి. సెల్‌తో వచ్చిన నల్ల రబ్బరు గాస్కెట్లు హెప్టేన్‌కు ఉబ్బి రెండు నెలల్లో ఆకారం తప్పాయి. ద్రావకాలను తట్టుకునే విటాన్ అనే రబ్బరు గాస్కెట్లు వేయించాక ఆ బాధ తీరింది. నట్లను ఎంత బలంతో బిగించాలో ఎక్కడా రాయలేదు. స్పేసర్ల అసలు మందాన్ని కొలిచిన పత్రం ఇవ్వలేదు. అడిగితే విడిభాగాలు మాత్రం వారంలోపే పంపారు, అది మెచ్చుకోవలసిన విషయం.

రోజుకు పది నుంచి ఇరవై నూనె నమూనాలు చూసే ప్రయోగశాలకు ఈ సెల్‌ను నేను సిఫారసు చేస్తాను. కొనేటప్పుడు కాల్షియం ఫ్లోరైడ్ విండోలు, విటాన్ గాస్కెట్లు, 0.5 మి.మీ. స్పేసర్లు కనీసం నాలుగు అడగండి. జింక్ సెలెనైడ్ జతను బలవంతంగా అంటగడితే దాని ధర తగ్గించమని పట్టుబట్టండి. మా జత ఇప్పుడు తేమ చేరని డెసికేటర్ పాత్రలో ఉంది. కాల్షియం ఫ్లోరైడ్ విండోలతో బిగించిన సెల్ మాత్రం ఎనిమిది నెలలుగా విప్పకుండా నడుస్తోంది. మొన్న సోమవారం లెక్కపెడితే పాత్‌లెంగ్త్ 0.524 మి.మీ. వచ్చింది.